వెండి నలుపు, మసి నలుపు

వెండితో బొమ్మ గీయడమంటే వెండి రంగు పూయడం కాదు. సన్నటి వెండి తీగ ముక్కని పెన్సిల్లో ములుకులాగా బిగించి, దాంతో నేరుగా కాగితం మీద గీయడం. దీన్ని సిల్వర్‌పాయింట్ అంటారు. మామూలు కాగితం మీద వెండి జారిపోతుంది, గీత పడదు. అందుకని కాగితానికి ముందుగా ఒక గరుకు పూత వేసుకోవాలి. ఎముకల బూడిదో, సుద్దపొడో, ఈ రోజుల్లోనైతే జింక్ వైటో జిగురులో కలిపి పలచగా పూసి ఆరబెడితే, ఆ గరుకుతనానికి తీగ కొంచెం కొంచెంగా అరుగుతుంది. ఆ అరిగిన వెండి రేణువులే గీత.

గీసిన రోజు గీత లేత బూడిద రంగులో ఉంటుంది. గట్టిగా నొక్కితే ముదురుతుందనుకుంటాం. ముదరదు, పూత చిరుగుతుంది. నీడ కావాలంటే పక్కపక్కనే వందల సన్నగీతలు గీసుకుంటూ పోవాలి. రబ్బరు పెట్టి తుడిస్తే పోదు. నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలో ఉన్న గంధకం తగిలి, కాళ్ళ పట్టీలు నల్లబడినట్టే ఈ గీత కూడా మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతుంది. అంటే బొమ్మ వేసినవాడు చూసే బొమ్మ వేరు, తర్వాతివాళ్ళు చూసే బొమ్మ వేరు.

నేను దీన్ని మూడేళ్ళుగా శనాదివారాల్లో చేస్తున్నాను. గొప్పగా వేస్తానని కాదు. వేస్తూ దీని చరిత్ర చదవడం మొదలుపెట్టాను, అదే ఎక్కువైంది. ఆ చదువు చివరికి నన్ను కార్వేటినగరంలో మా అత్త ట్రంకుపెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. అందుకే ఈ వ్యాసం.

*

సిల్వర్‌పాయింట్ గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పే మాట, "ఇందులో అన్‌డూ లేదు" అని. గీసింది గీసినట్టే ఉంటుంది, కాబట్టి మనసు పెట్టి గీయాలి, అదొక ధ్యానం, ఇలా. రోజంతా కంట్రోల్ జెడ్ మీద బతికే మా లాంటివాళ్ళకి ఈ మాట బాగా ఎక్కుతుంది. కానీ చరిత్ర చూస్తే ఇది సగం నిజమే.

ఇటలీలో 1400 ప్రాంతాల్లో చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు, పని నేర్చుకునే కుర్రాళ్ళ కోసం ఒక పుస్తకం రాశాడు. అందులో మొదటి పాఠాల్లో ఒకటి ఈ వెండి మొన. కాగితం మీద కాదు, జానెడు చెక్క పలక మీద. కోడి ఎముకలు, భోజనాల బల్ల కింద ఎలా దొరికితే అలాగే తీసుకుని నిప్పుల్లో వేసి, బూడిద కన్నా తెల్లగా కాలేదాకా ఉంచి, మెత్తగా నూరి, ఆ పొడిని ఎంగిలితో కలిపి పలకకి పూయమంటాడు. ఆరాక దాని మీద వెండి మొనతో గీయడం నేర్చుకోవాలి. పలక నిండిపోతే గీతలు తుడిచేసి మళ్ళీ పూత పూసుకోవచ్చు. అన్‌డూ లేదని మనం పొగుడుతున్న పనిముట్టు, నేర్చుకునే పిల్లాడి చేతిలో తుడిచి వాడుకునే పలకే.

ఎంగిలితో పలక! చదవగానే నాకు నవ్వొచ్చింది. మా తరం కూడా పలక మీదే అక్షరాలు దిద్దింది. ఎంగిలితో తుడిస్తే సరస్వతికి కోపం వస్తుందని నెత్తిన మొట్టికాయలు తిన్నది. చెన్నీని శిష్యులు మా ఊళ్ళో ఉంటే రోజూ తన్నులే.

ఆ పలకలు తుడిచి తుడిచి వాడినవి కాబట్టి వాటి మీది బొమ్మలు మనకి దాదాపు మిగల్లేదు. ఎక్కువగా కాగితం మీద వేసినవే మిగిలాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వియన్నాలోని ఆల్బెర్టినా మ్యూజియంలో ఉంది. 1484లో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అద్దంలో చూసుకుంటూ వెండి మొనతో వేసుకున్న తన బొమ్మ. అప్పటికి అతనికి 13 ఏళ్ళు. వాళ్ళ నాన్న కంసాలి, ఇంట్లో వెండికి కొదవ లేదు. పెద్దయ్యాక డ్యూరర్ ఆ కాగితం పైన, ఇది నేను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు 1484లో అద్దంలో చూసి వేసుకున్నది అనే అర్థం వచ్చేట్టు రాసి పెట్టాడు. పిల్లాడి బొమ్మని ఇన్నేళ్ళు దాచినవాళ్ళు ఒకరుండాలి, పెద్దయ్యాక తిరిగి చూసి గుర్తు రాసుకున్న మనిషి ఇంకొకరు. అది మిగలడానికి ఆ రెండూ కావాల్సి వచ్చాయి.

ఆ తర్వాత సుద్దలు, ఇంగ్లండులో 16వ శతాబ్దంలో బారోడేల్ దగ్గర దొరికిన గ్రాఫైటు, దాంతో తయారైన పెన్సిళ్ళు వచ్చాక వెండి మొన వెనక్కి పోయింది. నొక్కితే ముదిరే గీత, తుడిస్తే పోయే గీత చేతికి దొరికాక వెండి కోసం ఎముకలు ఎవరు నూరతారు?

*

కార్వేటినగరం గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. పుత్తూరుకి దగ్గర్లోని పాత సంస్థానం అది. వేణుగోపాలస్వామి గుడి, దాని దగ్గరే రాతి మెట్లున్న పెద్ద స్కంద పుష్కరిణి. సంస్థానం కాలంలో ఇక్కడే సారంగపాణి పదాలు రాశాడు. ఆయన ముద్ర కూడా వేణుగోపాలుడే. క్షేత్రయ్య పేరు తెలిసినంతమందికి సారంగపాణి పేరు తెలియదు గానీ, మా వైపు మాట ఎంత సూటిగా, ఎంత ఎకసెక్కంగా ఉంటుందో తెలియాలంటే ఆయన పదాలు వినాలి.

పోయిన ఏడాది మా అత్త ఆ ఊళ్ళో ఇల్లు అమ్మేసింది. మామయ్య పోయాక ఒక్కతే ఉండలేక తాంబరంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ, సామాన్లు సర్దడానికి నన్ను రమ్మంది. నేను వెళ్ళేసరికి వరండాలో కూర్చుని వెండి సామాను విబూదితో తోముతోంది. కుంకుమ భరిణె, ఉగ్గుగిన్నె, రెండు దీపం కుందులు. పక్కనే నల్లగా మారిన పాత పంచె ముక్క.

ఆ గుడ్డని చూస్తే నాకు చాలాసేపు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. విబూది గరుకుకి వెండి మీది నలుపూ, దాంతోపాటు రవ్వంత వెండీ అరిగి గుడ్డకి అంటుకుంటోంది. వెండి మొనతో కాగితం మీద జరిగేది సరిగ్గా ఇదే. పెళ్ళి పత్రిక అట్ట ఒకటి తీసుకుని, అత్త విబూదినే కాస్త తుమ్మబంక నీళ్ళలో కలిపి పూసి ఎండలో పెట్టాను. ఆరాక ఉగ్గుగిన్నె మూతి అంచుతో ఒక గీత గీశాను. పడింది. లేత బూడిద రంగు గీత.

"ఒరే అబ్బోడా, గిన్నె అరిగిపోతాదిరా!" అంది అత్త.

"నువ్వు రుద్దేదాంట్లో వందో వంతు కూడా అరగదు అత్తా."

"నేను రుద్దేది తెల్లగా కావాలని. నువ్వు నల్లగీత కోసమా?"

ఇది ఇప్పుడే ఇట్లా ఉందిగానీ ఏడాది పోతే ఇంకా రంగు తిరుగుతుందనీ, అందుకే దీన్ని ఇష్టపడతారనీ చెప్పాను. అత్త నా మొహంలోకి ఒకసారి చూసి మళ్ళీ కుంది అందుకుంది. ఆమె లెక్కలో వెండి నల్లబడిందంటే ఆ ఇంట్లో ఆడమనిషికి ఒంట్లో బాగాలేదని, లేదా ఇంట్లో పూజ ఆగిపోయిందని. నలుపు అంటే ఎవరూ పట్టించుకోకపోవడం. ఈ మాట ఏ చిత్రకళా పుస్తకంలోనూ నాకు కనపడలేదు, కానీ కొట్టిపారేయలేను.

*

ట్రంకుపెట్టె అడుగున ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఉంది. రెండు చెక్కల మధ్య, తాడు గుచ్చి కట్టినది. గుడ్డ మీద ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు కుంకుమ అట్ట కట్టింది. ప్రతి విజయదశమికీ బయటికి తీసి బొట్టు పెట్టి మళ్ళీ లోపల పెట్టడమే గానీ, విప్పినవాళ్ళు లేరు. అందులో సారంగపాణి పదాలున్నాయని ఇంట్లో ఒక నమ్మకం. మా నాయన కూడా అదే చెప్పేవాడు.

అత్త దాన్ని, చిరిగిపోయిన దేవుడి పటాలతో కలిపి పుష్కరిణిలో వదిలేద్దామంది. నేను ఒద్దన్నాను.

"ఎందుకొద్దు? నీకు చదివేదానికి వొచ్చునా?"

"రాదు."

"నాకూ రాదు. నా కొడుక్కీ రాదు. వాడి బిడ్డకి తెలుగే రాదు. చదివేవాళ్ళు లేనప్పుడు నీళ్ళలో కలిపేదే మర్యాద నాయనా. ఆడ తాంబరంలో ఫ్లాట్‌లో అటక మీద ఏసి చెదలు పట్టిస్తే పాపం."

ఇది మూఢనమ్మకం అనుకోవడం తేలిక. కానీ తాటాకు ఆయుష్షు రెండు మూడు వందల ఏళ్ళు. అది శిథిలమయ్యేలోపు ఎవరో ఒకరు కొత్త ఆకు మీదికి ఎత్తి రాసి, పాతదాన్ని నీళ్ళలో వదిలేవాళ్ళు. మన ప్రాచీన సాహిత్యం అంతా అలా చేతులు మారుతూ వచ్చిందే. కడపలో సి.పి. బ్రౌన్ పండితులకి జీతాలిచ్చి చేయించింది కూడా ఆ ఎత్తి రాసే పనే, కాగితం మీదికి. నీళ్ళలో వదలడం ఆ పద్ధతిలో రెండో సగం. మొదటి సగం చేసే మనుషులు పోయి రెండోది మాత్రం మిగిలింది. అత్త చెప్పిన మర్యాదకి నా దగ్గర సమాధానం లేదు. ఒక్క నెల గడువు అడిగాను. ఇంటి రిజిస్ట్రేషన్‌కి ఇంకా ఆరు వారాలుంది కాబట్టి ఒప్పుకుంది.

*

తాటాకు మీద రాసేది గంటంతో. మొన తేలిన ఇనప పుల్ల. ఆకుని ఎడమచేత్తో పట్టుకుని, గంటాన్ని ఎడమ బొటనవేలికి ఆనించి, ఆకు పైపొరని గీరుతూ పోతారు. ఈనెల వెంబడి పొడవుగా గీత లాగితే ఆకు చీలుతుంది. మన అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండటానికి అదే కారణమని చెబుతుంటారు.

వెండి మొనకీ గంటానికీ పైకి చుట్టరికం కనిపిస్తుంది. రెండూ లోహపు మొనలే, రెండిటికీ సిరా అక్కర్లేదు, రెండూ తుడిస్తే పోవు. కానీ జరిగే పని తలకిందులు. వెండి తనలో కొంత కాగితానికి ఇచ్చి పోతుంది. గంటం ఆకులోంచి కొంత తీసుకుని పోతుంది. వెండి గీత మొదటినుంచీ కనిపిస్తుంది. గంటం గీత దాదాపు కనిపించదు. ఆకు రంగులోనే ఉన్న సన్నటి గాడి అది. రాయడం అయిపోయాక దీపపు మసిని నూనెలో కలిపి ఆకంతా పూసి, గుడ్డతో తుడిచేస్తే, పైన మసి పోయి గాళ్ళలో నిలుస్తుంది. అప్పుడు అక్షరం పుడుతుంది.

ఈ రెండిటి మధ్యలో మా వైపుదే ఇంకొక గీత ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతకి వాడే కసిమి. ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి చేస్తారు. వెదురు కలంతో గుడ్డ మీద గీస్తే, పాలూ కరక్కాయా పట్టించిన గుడ్డ కాబట్టి, కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. అది కూడా వెనక్కి తీసుకోలేని గీతే. చింతపుల్లల బొగ్గుతో ముందుగా రూపం గీసుకునేది అందుకే.

నలుపు ఎక్కడినుంచి వస్తుందన్నదే తేడా. వెండి గీతకి గాలి చాలు. కసిమి గీతకి కరక్కాయ కావాలి. గంటం గీతకి మసి పూసే మనిషి కావాలి. వియన్నాలో డ్యూరర్ బొమ్మని నల్లబరచడానికి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, వదిలేస్తే చాలు. అత్త పెట్టెలో కట్టని వదిలేస్తే అది ఎప్పటికీ ఖాళీ ఆకులాగే ఉంటుంది. రాత లోపలే ఉన్నా సరే.

*

తిరుపతిలో తాళపత్రాలు చదివే ఒక పెద్దాయన గురించి స్నేహితుడి ద్వారా తెలిసింది. అత్తనీ, కట్టనీ కారులో తీసుకెళ్ళాను. ఆయన తొందరపడలేదు. తాడు ముడి విప్పడానికే పావుగంట పట్టింది. 43 ఆకులు. చివర్న నాలుగింటికి పురుగు తొలిచిన బెజ్జాలు. ఏ ఆకు మీదా మసి లేదు. ఆయన ఒక ఆకుని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని, మెల్లగా తిప్పుతూ చదివారు. ఇంకోటి. మధ్యలోంచి ఇంకోటి. అలా ఆరు ఆకులు చూసి కింద పెట్టారు.

"పదాలు కావమ్మా. గ్రంథమే కాదు. ఇది ఎవరో పిల్లవాడు రాత నేర్చుకున్న కట్ట."

గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు. ఇసుకలో వేలితో దిద్దిన పిల్లలకి ఆ తర్వాత తాటాకు చేతికిచ్చేవాళ్ళని ఆయన చెప్పారు. మొదటి ఆకుల్లో అక్షరాలు వరసలోంచి జారి కిందికి పోతున్నాయి. ఒకచోట తప్పు రాసి, దాని మీద అడ్డంగా గీరి, పక్కన మళ్ళీ రాశాడు. మధ్య ఆకుకి వచ్చేసరికి వరస కుదిరింది. పేరు లేదు, సంవత్సరం లేదు. "గ్రంథాలయాలవాళ్ళకి దీంతో పెద్దగా పని ఉండదు, ఉంచుకోవడం మీ ఇష్టం" అన్నారాయన, నొప్పించకుండా.

నాకు నిరాశగా అనిపించలేదని చెప్తే అబద్ధం. సారంగపాణి పదం ఒక్కటైనా ఉంటే అత్తతో వాదించడానికి నాకొక ఆధారం దొరికేది. "ఇది సాహిత్యం అత్తా" అనగలిగేవాణ్ణి. ఇప్పుడు అనడానికేం లేదు. కానీ కారు తీసేలోపే ఇంకో ఆలోచన వచ్చింది. చెన్నీని శిష్యుల పలకల్లాంటివి దాదాపు మిగల్లేదు, ఎందుకంటే అవి తుడిచేవి. మేం దిద్దిన పలకలూ అంతే. ఈ పిల్లాడి ఆకులు తుడవడానికి వీల్లేనివి, అందుకని వాడి తప్పులతో సహా మిగిలాయి. గొప్పవాళ్ళ మొదటి గీతల్ని మ్యూజియంలు దాస్తాయి. తర్వాత ఏమయ్యాడో తెలియని పిల్లాడి మొదటి గీతల్ని ఎవరు దాస్తారు? ఎవరో దాచారు. రెండు వైపులా నున్నటి చెక్కలు పెట్టి, ఎర్రగుడ్డ చుట్టి మరీ.

"ఓనమాల్ని ఇంత బందోబస్తుగా ఎందుకు కట్టి పెట్టినట్టు?" అన్నాను పైకే.

"బిడ్డ రాసినాడని పెట్టుకోనుంటారు. ఇంకెందుకు?" అంది అత్త. ఆమెకది ప్రశ్నే కాదు.

బయల్దేరేముందు అత్తే పెద్దాయన్ని అడిగింది, ఒక్క ఆకుకి మసి పూసి చూపిస్తారా అని. ఆయన కాసేపు ఆలోచించి, గట్టిగా ఉన్న ఆకు ఒకటి ఎంచి, మసి నూనె వేలితో పూసి, మెత్తటి గుడ్డతో తుడిచారు. అక్షరాలు ఒక్కసారిగా లేచాయి. అత్త కళ్ళజోడు పెట్టుకుని ఆకు మీదికి వంగింది. అచ్చుకి అలవాటైన కళ్ళకి ఆ పాత రాత అందదు. అయినా వేలు గాలిలో ఆకు పైన కదుపుతూ, ఒకచోట ఆగింది.

"ఇది 'ళ' కదా సామీ?"

"అవునమ్మా."

"మీ నాయన గూడా 'ళ' ఇట్లానే రాస్తా ఉండెరా. కింద తోక లోపలికి చుట్టి."

మా నాయన అచ్చు పుస్తకాలు చూసి, బళ్ళో అయివోరి దగ్గర పలక మీద నేర్చుకున్నాడు. గంటం ముట్టుకున్న మనిషి కాడు. చేతిరాత రక్తంలో రాదు. ఒక్క అక్షరం వంపుని పట్టుకుని చుట్టరికం తేల్చడం ఏ విమర్శలోనూ చెల్లదు. ఇదంతా నాకు తెలుసు, ఆ పెద్దాయనకి ఇంకా బాగా తెలిసే ఉంటుంది. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నాయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన చేతిరాత నా దగ్గర ఉన్నది రెండు బ్యాంకు ఫారాల మీదే.

*

దేవుడి పటాలు నీళ్ళలో కలిశాయి. కట్ట తాంబరం వెళ్ళింది. పెద్దాయన చెప్పినట్టు ప్లాస్టిక్ కవర్లో కాకుండా నూలుగుడ్డలో చుట్టి, పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాస్తూ ఉండాలి. ఆ పని అత్త శుక్రవారం వెండి తోమే పనిలో కలుపుకుంది. ఆమె తర్వాత ఎవరన్నది అడగలేదు. అడిగితే సమాధానం నా వైపే చూస్తుందని తెలుసు.

నేను 43 ఆకులూ రెండు వైపులా ఫొటోలు తీశాను, మొత్తం 86. నేరుగా తీస్తే ఏమీ కనపడదు. ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే గాళ్ళలో నీడ పడి అక్షరాలు తెలుస్తాయి. వాటిని చూసి చదవడం నేర్చుకుంటున్నాను. వారానికి రెండు మూడు వరసలు సాగుతోంది. పిల్లాడి రాత కాబట్టి ఒకటే అక్షరం పదిసార్లు వస్తుంది. నాలాంటివాడికి అదీ మేలే.

అత్త మొన్న ఫోన్లో, మళ్ళీ తిరుపతి వచ్చినప్పుడు ఇంకో ఆకుకి మసి పూయిద్దామంది. ఏ ఆకు అన్నది ఈసారి తనే ఎంచుకుంటుందట. అడ్డంగా గీరి మళ్ళీ రాసిన ఆ తప్పు ఉన్న ఆకు కావాలంటోంది.